టీసీ లేని అమ్మాయి

పరీక్ష మొదలై పావుగంట కూడా కాలేదు. ముందు వరసలో ఉన్న అమ్మాయి కుర్చీని మొత్తం వెనక్కి తిప్పేసి, అమ్మిరాజు పేపరు మీద వేలు పెట్టి, హాలంతా వినబడేలా అడిగింది.

"ఏమండీ, ఈ నాలుగో ప్రశ్న మీకొచ్చా? నాకు సగమే తెలిసింది. మిగతా సగం చెప్తారా?"

అమ్మిరాజు గుండె ఆగినంత పనైంది. ఎడం చెయ్యి దానంతటదే వచ్చి పేపరుకి అడ్డం పడింది. ఎల్‌కేజీలో నేర్చుకున్న విద్య, ఇంజనీరింగ్ దాకా వదలకుండా కాపాడింది.

"అయ్యో, చెయ్యి అడ్డం పెట్టారేంటి? కనబడట్లేదు."

"అటు తిరగండి," పళ్లు బిగించి గొణిగాడు.

"మీరు ఇటున్నారు కదండీ, అటు తిరిగి ఎలా అడగను?"

ఈలోపు మార్త మేడమ్ వచ్చేసింది. ట్రైనింగ్ అంతా ఆవిడ చేతుల్లోనే ఉంది. ఆవిడ కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయంటే ఎవరికో మూడినట్టే. ఇప్పుడు జారాయి.

"వాట్ ఈజ్ గోయింగ్ ఆన్, తిరుమలా?"

"తెలీనిది అడుగుతున్నాను మేడమ్," ఆ అమ్మాయి లేచి నిలబడి చక్కగా చెప్పింది. "ఈయనకి తెలుసు. చెప్పడానికి మొహమాటపడుతున్నారు."

హాలు గొల్లుమంది. ఒక్క అమ్మిరాజు మాత్రం నవ్వలేదు. ఎందుకంటే రెండు పేపర్లూ అప్పటికే మేడమ్ చేతిలో ఉన్నాయి.

"కాపీ కొట్టేవాళ్లని చాలామందిని చూశాను," అంది మార్త మేడమ్. "మైకులో చెప్పినట్టు చెప్పి కొట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. ఇద్దరికీ సున్నా. సోమవారం మళ్లీ రాయండి. అందులోనూ పోతే ఇంక ట్రైనింగ్‌కి రానక్కర్లేదు."

అవి హైటెక్ సిటీలో వారానికో అద్దాల మేడ లేస్తున్న రోజులు. సికింద్రాబాద్‌లో ఏ ఇల్లు చూసినా మెళ్లో కార్డు వేలాడుతున్న మనిషి ఒకరు కనబడేవారు. అమ్మిరాజుకీ ఆ కార్డు వచ్చి నెలైంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ట్రైనీ. పుట్టి బుద్ధెరిగాక ఏ పరీక్షలోనూ సున్నా చూడని పిల్లాడు. అలాంటివాడికి, ఎవరో తెలియని అమ్మాయి పుణ్యమా అని, సున్నా.

సాయంత్రం ప్లాట్‌ఫామ్ మీద ఎంఎంటీఎస్ కోసం నిలబడి కుతకుతలాడిపోతున్నాడు. పక్కకి వచ్చి నిలబడింది తిరుమల.

"మీకు కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి ముక్కెందుకు ఎర్రబడింది?"

అమ్మిరాజు ముక్కు తడుముకుని, అక్కడితో ఓర్పు నశించి, "మీరు ఏ స్కూల్లో చదివారండీ అసలు?" అన్నాడు.

"స్కూలుకి వెళ్లలేదండీ."

"అంటే, ఏ స్కూలుకి?"

"ఏ స్కూలుకీ."

వాళ్ల నాన్న దేముడుబాబు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ నూకరత్నం. అనకాపల్లి వైపు నుంచి వచ్చి రైల్వే క్వార్టర్లో స్థిరపడ్డారు. పిల్లని ఇంట్లోనే చదివించారు. పదో తరగతి ప్రైవేటుగా, డిగ్రీ దూరవిద్యలో అయ్యాయి. ఇంట్లో ఒకటే రూలు. తెలీకపోతే తెలిసినవాళ్లని అడగాలి, అడిగితే చెప్పాలి.

"మరి పదో తరగతి పరీక్షలో కూడా ఇలాగే అడిగారా?"

"లేదండీ. అక్కడ 'మాట్లాడరాదు' అని బోర్డు పెట్టారు. ఇక్కడ బోర్డు లేదుగా? పైగా మేడమ్ నిన్ననే 'మనమంతా ఒక టీమ్, తెలీనిది పక్కవాళ్లని అడగండి' అన్నారు. పరీక్ష రాగానే టీమ్ పోతుందని నాకేం తెలుసు?"

అమ్మిరాజుకి ఆలోచిస్తే ఆ అమ్మాయి మాటలో తప్పు దొరకడం లేదు. అదే ఇంకా చిరాకుగా ఉంది.

బండి వచ్చింది. కిటకిటలాడుతోంది. తిరుమల ఎక్కుతూనే ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికెళ్లి, "అన్నా, జెర జరుగుతారా?" అంది.

"కూసో చెల్లే, జాగ ఉన్నది," అన్నాడు చివర కూర్చున్న మీసాలాయన. లేని జాగా ఎలాగో పుట్టింది. ఎంఎంటీఎస్‌లో అది రోజూ జరిగే విడ్డూరమే.

"మీరెందుకు నిలబడ్డారు? ఎదురు సీటువాళ్లని అడగండి," అంది తిరుమల.

"పర్వాలేదు. అలవాటే."

నిజంగానే అలవాటే. నెల రోజులుగా సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి, మళ్లీ వెనక్కి, అమ్మిరాజు నిలబడే ప్రయాణం చేస్తున్నాడు. జరగమని అడగడానికి నోరు రాదు. దానికో కారణముంది. లాలాగూడలో శేషారత్నం టాలెంట్ స్కూల్ వాళ్ల నాన్నదే. భీమవరం నుంచి వచ్చి, భార్య పేరు మీద బడి పెట్టి, మూడు రేకుల గదుల్ని మూడంతస్తులు చేసిన చిన్నబ్బాయి గారిని అందరూ కరస్పాండెంట్ గారంటారు. ఆ బడిలోనే చదివిన అమ్మిరాజు మూడో తరగతిలో ఒక్కసారి చెయ్యెత్తి డౌటు అడిగాడు. "కరస్పాండెంట్ గారి అబ్బాయికి ఇది కూడా తెలీదా?" అంది టీచరు. క్లాసు నవ్వింది. ఎత్తిన చెయ్యి అప్పుడు దింపినవాడు మళ్లీ ఎత్తలేదు.

ఈ సంగతి తిరుమలకి చెప్పలేదు. కానీ సోమవారం నెత్తి మీదికి వచ్చి కూర్చుంది కాబట్టి, మర్నాటి నుంచి బండిలో ఆ అమ్మాయికి పరీక్ష రాయడం నేర్పడం మొదలుపెట్టాడు.

"మొదటి రూలు. తల తిప్పకూడదు."

"దోమ కుడితే?"

"కుట్టినా."

"పక్కవాడు కళ్లు తిరిగి పడిపోతే?"

"ఇన్విజిలేటర్ చూసుకుంటారు."

"పాపం!" అంది తిరుమల నిజంగా బాధపడిపోతూ. "పరీక్షంటే ఇంత కఠినంగా ఉంటారా మీరంతా?"

నేర్పేకొద్దీ తేలింది, ఆ అమ్మాయికి రానివి కొన్ని, ఎవరికీ రానివి కొన్ని వచ్చని. లేతు మిషను బొమ్మ గీసి పార్టులన్నీ చెప్పగలదు, క్యూలో మాత్రం ఎక్కడ నిలబడాలో తెలీదు. భాగవతంలో పద్యాలు కంఠతా వచ్చు, 'బంక్ కొట్టడం' అంటే పెట్రోలు బంకు అనుకుంది. ఒకరోజు బాబూరావు అనే ట్రైనీ సినిమాకి పోతూ "నా ప్రాక్సీ చెప్పేయ్" అంటే సరేనంది. హాజరు పిలవగానే లేచి, "మేడమ్, బాబూరావు రాలేదు. వచ్చినట్టు చెప్పమన్నారు," అని మాట నిలబెట్టుకుంది. బాబూరావు ఆ తరవాత చాన్నాళ్లు ఆమె కనబడితే గోడ వైపు తిరిగి నడిచాడు.

సోమవారం ఇద్దరూ పాసయ్యారు. తిరుమలకే రెండు మార్కులెక్కువ.

అక్కడితో పాఠాలు అయిపోవాలి. కానీ అమ్మిరాజు ఉదయం ఇంకో బండి ఖాళీగా వెళ్లిపోతున్నా వదిలేసి, తిరుమల ఎక్కే బండి కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడుతుంటే వింటాడు. మాట్లాడనప్పుడు చూస్తాడు. ఆమె ఇటు చూస్తే కిటికీ చూస్తాడు.

శ్రావణమాసం. సాయంత్రం వాన దంచికొట్టి, బండిని హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆపేసింది. నీళ్ల మీద చినుకులు టపటపలాడుతున్నాయి. తిరుమల సీట్లో కూర్చుని ఉంది, అమ్మిరాజు ఎప్పటిలాగే నిలబడి ఉన్నాడు.

"అమ్మిరాజు గారూ, ఒకటడగనా? మీరు నన్ను రోజూ ఎందుకు చూస్తారు?"

"నేనా? కిటికీ చూస్తున్నా."

"కిటికీ అటుంది."

అమ్మిరాజు అటు చూశాడు. నిజమే, అటుంది.

"నాకు మీరంటే ఇష్టం," అంది తిరుమల, టికెట్ చూపించినంత తేలిగ్గా. "మీకు?"

రోజూ అదే బండిలో వచ్చే మీసాలాయన అరచేతిలో పల్లీలు నోట్లో వేసుకోవడం మానేశాడు. అమ్మిరాజుకి జవాబు తెలుసు. బాగా తెలుసు. అయినా నోటికి వచ్చింది ఇది.

"రేపు చెప్తాను."

"ప్రిపేరయ్యి వస్తారా?" ఆమె పకపకా నవ్వింది. నవ్వింది గానీ, తరవాత కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఏందన్నా గిట్ల జేస్తివి?" అన్నాడు మీసాలాయన. "పిల్ల పరేషాన్ అయితున్నది. జల్ది చెప్పు, స్టేషన్ వస్తది."

సికింద్రాబాద్ వచ్చింది. తిరుమల గొడుగు విప్పుకుని బయటికి నడిచేస్తోంది. అమ్మిరాజు పరుగెత్తి, గొడుగు బయట వానలో నిలబడి, "నాకూ ఇష్టమే," అన్నాడు. ఎవరికైనా వినబడుతుందేమోనని ఎంత మెల్లిగా అన్నాడంటే, ఆమె చెవి ముందుకు పెట్టి మళ్లీ చెప్పించుకుంది.

ఇక్కడితో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. కష్టాలు కూడా ఇక్కడే మొదలయ్యాయి. ఇంట్లో అమ్మిరాజుకి సంబంధం చూస్తున్నారు. దేవిశ్రీ అని, స్టేట్ ర్యాంకరు. చిన్నబ్బాయి గారు ఆ అమ్మాయి ఫొటో కంటే ముందు మార్కుల జాబితా చూసి మురిసిపోయారు. వచ్చే ఆదివారం మాట ఇచ్చేద్దామంటున్నారు.

"మరి మీ నాన్నగారిని అడిగావా, మన సంగతి?" అంది తిరుమల.

"లేదు."

"ఎందుకు?"

"ఒద్దంటారు."

"అడక్కుండానే ఒద్దన్నారా? భలే మనిషి!" ఆమె మొహం చిన్నబోయింది. "నువ్వు నిలబడి ప్రయాణం చేస్తావు సరే. నన్ను కూడా జీవితాంతం నిలబెడతావా?"

ఆ మాట తగిలింది. ఇంటికెళ్లి అమ్మ చెవిలో వేశాడు. శేషారత్నం గారు భోజనాల దగ్గర మజ్జిగ పోస్తూ భర్తకి చెప్పేసింది.

"ప్రేమించాడు సరే. ఏ స్కూలు?" అన్నారు చిన్నబ్బాయి గారు మొదట.

జవాబు విన్నాక ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బడికే వెళ్లలేదా? ఒరేయ్, నేను టీసీ లేకుండా రెండో క్లాసు పిల్లాణ్ని కూడా చేర్చుకోను. రేపు పేరెంట్స్ మీటింగులో ఎవరైనా లేచి, 'మీ కోడలే బడి లేకుండా ఉద్యోగం చేస్తోంది, మాకెందుకు ఈ బడి' అంటే నేనేం చెప్పాలి?"

"పిల్లని చూడకుండా ఎలా చెప్తారండీ?" అంది శేషారత్నం గారు. "మీరేగా ఇంటర్వ్యూ లేకుండా ఎవర్నీ తీసెయ్యనంటారు."

ఆయన ఇరుక్కుపోయారు. "సరే. ఆదివారం రమ్మను. పనికిరాదని తేలితే దేవిశ్రీ వాళ్లకి అప్పుడే ఫోన్ చేస్తా. నువ్వు నోరెత్తకూడదు," అన్నారు కొడుకుతో. నోరెత్తడం వాడికి ఎప్పుడొచ్చు గనక!

ఎక్కడ కలుద్దామని అడిగితే తిరుమల చెప్పిన జవాబు ఇంకా వింత. "మీ స్కూల్లోనే. స్కూలు లోపల ఎలా ఉంటుందో చూడాలని ఎప్పట్నించో ఉంది. పేరు చెప్పగానే మా నాన్న మొహం అదోలా పెట్టారు. ఎందుకో చెప్పలేదు."

అలా పెళ్లిచూపులు ఆదివారం పూట ఒకటో తరగతి గదిలో జరిగాయి. అ-ఆ చార్టుల కింద, జంతువుల బొమ్మల పక్కన, చిన్నబ్బాయి గారు అలవాటుగా టీచరు కుర్చీలో కూర్చున్నారు. పక్కన శేషారత్నం గారు, స్వీటు డబ్బా. గోడవారన అమ్మిరాజు, నిలబడి.

దేముడుబాబు గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, గది నాలుగు మూలలా చూశాడు. "ఈ గుమ్మం మళ్లీ తొక్కుతాననుకోలేదండీ," అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

తిరుమల చిన్నపిల్లల బెంచీ దగ్గరికెళ్లి, "దీనిమీద కూర్చోవచ్చాండీ?" అని, సరేనన్నాక, మోకాళ్లు పైకి వచ్చినా పట్టించుకోకుండా కూర్చుని, బల్లమీద ఎవరో చెక్కిన పేరుని వేలితో తడిమింది.

"ఏమండీ దేముడుబాబు గారూ," చిన్నబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. "ఇంత తెలివైన పిల్లని బడికెందుకు పంపలేదు మీరు?"

"పంపేమండీ."

"ఎక్కడికి?"

"ఇక్కడికేనండీ. మీరే వద్దన్నారు."

చిన్నబ్బాయి గారు కుర్చీలో ముందుకు జరిగారు.

"అప్పుడివి రేకుల గదులండీ," దేముడుబాబు చార్టులో ఆవు బొమ్మ చూపించాడు. "ఎల్‌కేజీ ఇంటర్వ్యూ. మీరే, ఆ కుర్చీలోనే. ఆవు బొమ్మ చూపించి 'ఏంటిది?' అన్నారు. మా పాప మీ మొహంలోకి చూసి, 'మీకు తెలీదా?' అందండి."

"పాపం, నిజంగానే తెలీక అడుగుతున్నారనుకుందండీ," నూకరత్నం అందుకుంది. "ఇంట్లో అలాగే కదా, తెలీనోలే అడుగుతారు."

"పిల్లకి మర్యాద లేదు, బడికి పనికిరాదు అని పంపించేశారండి మీరు. నాకెంత కోపమొచ్చిందంటే, ఇంకే బడి గుమ్మమూ తొక్కలేదు. మా పిల్లకి మేమే సెప్పుకుంటాం అనుకున్నాను."

శేషారత్నం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. చిన్నబ్బాయి గారి చెవులు ఎర్రబడ్డాయి. తిరుమలకి కూడా ఇదే మొదటిసారి వినడం. ఆవు బొమ్మ వంక, ఆయన వంక మార్చి మార్చి చూసింది.

"అప్పటి రూల్సు అప్పటివి," ఆయన విషయం మార్చేశారు. "అమ్మాయ్, నువ్వే చెప్పు. బడికి వెళ్లకపోతే నీకొచ్చిన లోటేమీ లేదంటావా?"

లేదంటుందని అందరూ అనుకున్నారు. అమ్మిరాజైతే కళ్లతోనే బతిమాలాడు. ఒక్క మాట చాలు, ఒక్క చిన్న 'లేదు'.

"ఉందండీ," అంది తిరుమల.

"ఏం లోటు?"

"పక్కన కూర్చునేవాళ్లు లేరండీ." ఆమె బెంచీలో ఖాళీగా ఉన్న భాగం మీద చెయ్యి పెట్టింది. "పొద్దున్నే కిటికీలోంచి చూసేదాన్ని. కాలనీ పిల్లలు ఇద్దరిద్దరు ఒక గొడుగులో పోతుండేవాళ్లు. ఏమడిగినా నాన్న చెప్పేవారు. తెలీకపోతే రాత్రి కనుక్కుని వచ్చి చెప్పేవారు. కానీ పాఠం విసుగొచ్చినప్పుడు నాన్న పక్కన నవ్వుకోలేం కదండీ, పాఠం చెప్పేదే ఆయన. మోచేత్తో పొడిచి నవ్వించే మనిషి ఒకరుంటే బావుండేదనిపించేది."

దేముడుబాబు తల దించుకున్నాడు. "ఎప్పుడూ సెప్పలేదేటమ్మా?"

"నువ్వు అడగలేదు నాన్నా."

చిన్నబ్బాయి గారికి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. వేలెత్తారు. "అదీ! నేను మొదట్నించీ చెప్పేది అదే. బడి లోటు ఎవరూ పూడ్చలేరు. పిల్ల మంచిదే, నిజాయితీ ఉంది, కాదనను. కానీ ఈ సంబంధం మాత్రం..." అంటూ జేబులోంచి సెల్‌ఫోన్ తీశారు. దేవిశ్రీ వాళ్ల నంబరు కోసం అద్దాలు పెట్టుకున్నారు.

అమ్మిరాజు గోడ వదిలాడు.

అంత దూరమేమీ లేదు. నాలుగడుగులే. మూడో తరగతిలో వినబడ్డ నవ్వు చెవుల్లో ఉంది. నోరెత్తకూడదన్న ఆర్డరు చెవుల్లో ఉంది. అయినా బెంచీ దగ్గరికెళ్లి నిలబడి, గదిలో అందరికీ వినబడేలా, ఆ రోజు తరవాత మొదటిసారి అడిగాడు.

"కొంచెం జరుగుతావా?"

తిరుమల తలెత్తి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు దగ్గరికి లాక్కుని జరిగింది.

అమ్మిరాజు కూర్చున్నాడు. మోకాళ్లు బల్లకి టకామని తగిలాయి, బెంచీ కిర్రుమంది. ఆమె మోచేత్తో మెల్లిగా పొడిచింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసేకొద్దీ ఇంకా వచ్చింది.

చిన్నబ్బాయి గారు ఫోను పట్టుకునే లేచి నిలబడ్డారు. "ఒరేయ్! ఏంట్రా ఇది?"

అమ్మిరాజు తండ్రి మొహంలోకి సూటిగా చూశాడు.

"మీకు తెలీదా నాన్నగారూ?"

శేషారత్నం గారు ఇంక ఆగలేకపోయింది. కొంగు వదిలేసి, స్వీటు డబ్బా పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నూకరత్నం నవ్వింది. దేముడుబాబు మొహం తిప్పుకుని నవ్వాడు.

చిన్నబ్బాయి గారు ఆవు బొమ్మ వైపు చూశారు. బెంచీ వైపు చూశారు. నోరు తెరవని కొడుకు నోరు తెరిచాడు, అదీ తనకే ఎదురుగా. కోప్పడదామని చూశారు గానీ, మీసాల కింద పెదవి మాట వినలేదు.

"తెలుసులేరా," అన్నారు చివరికి, ఫోను జేబులో వేసుకుంటూ. "తెలుసు. అప్పుడు ఫెయిల్ చేస్తే పెరిగి పెద్దదై వచ్చి నా కొడుకునే పట్టుకుంది. ఇప్పుడు మళ్లీ ఫెయిల్ చేసే ధైర్యం నాకు లేదు. అడ్మిషన్ ఇచ్చేశాం."

"మరి మా పిల్లకి టీసీ లేదండీ," అన్నాడు దేముడుబాబు, ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాటలా.

"అక్కర్లేదు అన్నయ్యగారూ," శేషారత్నం గారు డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. "మా ఇంట్లోంచి బయటికి పంపేదుంటే కదా టీసీ గొడవ. నోరు తీపి చేసుకోండి."

పెద్దవాళ్లు ముహూర్తాల మాటల్లో పడ్డారు. బెంచీ మీద ఇద్దరూ కదల్లేదు.

"బెల్లు ఎప్పుడు కొడతారు?" గుసగుసగా అడిగింది తిరుమల.

"ఆదివారం బెల్లుండదు."

"అయితే ఇలాగే కూర్చోవచ్చా?"

"కూర్చో," అన్నాడు అమ్మిరాజు, ఇంకొంచెం దగ్గరికి జరుగుతూ.